ముట్టినట్టు సంతకం

సాయంత్రం నాలుగింటికి, పగటి డ్యూటీవాళ్ళు దిగే వేళ, బట్టలు మార్చుకునే గదిలో అందరి ముందూ బాబాయి చేత బూట్లు విప్పించారు. అందరూ బాబాయి అని పిలిచే ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ హోటల్లో పళ్ళాలు మోసిన మనిషి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఎడమ బూటు లాగాడు. మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి వేలితో పాటు నాలుగు మడతలు పెట్టిన నోటు కూడా బయటపడింది.

అక్కడ వడ్డించేవాళ్ళ చొక్కాలకు జేబులుండవు. పాత చొక్కాలకున్న జేబుల్ని కూడా కుట్టించి మూసేశారు. తిన్నవాళ్ళు ఏమైనా ఇవ్వదలిస్తే కార్డు మీదే ఇవ్వాలి, చేతికి తీసుకుంటే దొంగతనమే. ఏడాది కిందట కార్డు గీకే మిషను వచ్చినప్పుడు పెట్టిన రూలు అది.

మేనేజరు ఆ నోటును చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆ కిటికీ పక్క పెద్దాయన చేతిలో కుక్కి వెళ్ళాడు బాబూ, వద్దంటే వినలేదు అని బాబాయి ఏదో చెప్పబోతుంటే, సొరుగులోంచి రసీదుల కట్ట తీశాడు.

"కార్డు మీద వచ్చే టిప్పు చాలక ఇది కూడానా? రెండు చేతులా మెక్కుతున్నావన్నమాట."

"కార్డుదా? అది నాకెప్పుడు ముట్టింది? ఏడాది చివర అందరికీ పంచుతామన్నారుగా."

"ఇదిగో నీ సంతకం. పైన రాసిన టిప్పు నాకు ముట్టింది అని ఉంది దీని మీద. రోజూ పెడుతున్నావు. మీరంతా పెడుతున్నారు."

 గదిలో ఒక్కో మొహమే తిరిగి పంతులమ్మ వైపు చూసింది.

పంతులమ్మ అనేది ఆమెకు వాళ్ళు పెట్టిన పేరు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసింది. కానీ ఆ హోటల్లో పనిచేసే పదకొండు మందిలో అంత చదివినవాళ్ళు ఇంకొకరు లేరు. మిషను వచ్చిన రోజు, రసీదు అడుగున చీమల బారులా ఉన్న రెండు ఇంగ్లీషు లైన్లు చూపించి, ఇదేంటో చదివి చెప్పమ్మా, సంతకం పెట్టమంటున్నారు అని అందరూ ఆమె చుట్టూ మూగారు. ఆమె అక్షరాలు కూడబలుక్కుంది. చప్పుడు వచ్చింది, అర్థం రాలేదు. పది జతల కళ్ళు ఆమె నోటి వంకే చూస్తున్నాయి. చెవులు వేడెక్కాయి. ఏ బల్లకు ఎవరెవరు పనిచేశారో తెలియడానికట, పెట్టెయ్యండి అంది. అంతే. ఆ మాట మీద పదకొండు మంది ఏడాది పాటు, రాని డబ్బు వచ్చినట్టు రోజూ రాసిచ్చారు.

ఇది చదివే విద్యార్థులూ, ఫ్యాక్టరీల్లో వేలిముద్రలు వేసే అన్నలూ అక్కలూ, ఆమెను చూసి నవ్వకండి. అర్థం కాకుండా సంతకం పెట్టిన కాగితం మీ పెట్టెల్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది.

వంటగది వెనక కుళాయి దగ్గర ఆ సాయంత్రం మీటింగు పెట్టుకున్నారు. గిన్నెలు తోమే అక్క చేతులు తుడుచుకోకుండానే వచ్చింది. బాబాయిని రేపు ఓనరు ముందు నిలబెట్టి తీసేస్తారట. మరి మన సంగతేంటని ఒకరు, లేబరాఫీసుకు పోదామని ఒకరు, సంతకాలు పెట్టాక ఏ మొహం పెట్టుకుని పోతామని ఇంకొకరు. వంటమాస్టరు మాత్రం పంతులమ్మను చూస్తూ బీడీ నలుపుతున్నాడు.

"చదివినదానికి తెలియకుండా ఉంటుందా. పగటి డ్యూటీ ఊరికే ఇస్తారేంటి ఎవరికైనా."

ఆమెకు రెండేళ్ళ కూతురుంది. పక్కింటావిడ ఐదింటిదాకానే చూసుకుంటుంది. అందుకే బతిమాలుకుని పగటి డ్యూటీ వేయించుకుంది. ఆ సంగతి చెప్పొచ్చు. నాకు ఆ లైన్లు అర్థం కాలేదని ఒక్క ముక్క చెప్పొచ్చు. చెప్పకుండానే ఇంటి దారి పట్టింది. మేనేజరు మనిషి అనుకుంటే అనుకోనీ, చదువురాని పంతులమ్మ అని మాత్రం అనిపించుకోలేననిపించింది. అలా అనిపించినందుకు, దారంతా తన మీద తనకే అసహ్యమేసింది.

ఇంట్లో ముద్దలు కలిపి పెడుతుంటే పాప దగ్గింది. గూట్లో మందు సీసా ఉంది. ఎంత పట్టాలో డాక్టరు చెప్పినప్పుడూ ఇలాగే అర్థమైనట్టు తలూపింది. బయటికొచ్చి, సీసా మీద గీత పెట్టిమ్మని మందుల షాపతన్ని అడిగింది. అతను కూడా ఊహించి గీశాడేమో. ఆ ఆలోచన రాగానే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పొద్దున్నే మేనేజరు పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఏడాదిలో అదే మొదటిసారి. వాళ్ళకు తనే చదివి అర్థం చెప్పానని, అందరూ తెలిసే సంతకం పెట్టారని ఓనరు ముందు ఒక్క మాట అంటే చాలట. ఆమె పగటి డ్యూటీకి పూచీ మేనేజరుదట. లేకపోతే రేపట్నుంచి రాత్రి డ్యూటీ, పిల్లను ఎక్కడ పెట్టుకుంటుందో ఆమె ఇష్టమట.

హాల్లో కుర్చీలు ఇంకా బల్లల మీద బోర్లించే ఉన్నాయి. ఓనరు కోసం ఒక్క కుర్చీ దించారు. బాబాయి బూట్లు తళతళా తుడుచుకొచ్చాడు. ఆమె ఆ బూట్ల వంకే చూస్తూ నిలబడింది.

"చెప్పమ్మా," అన్నాడు మేనేజరు. "చదివావా లేదా?"

"చదివాను సార్."

వెనక ఎవరో పళ్ళు కొరికారు.

"చదివాను, అర్థం కాలేదు. అయినట్టు చెప్పాను. వీళ్ళంతా పంతులమ్మా అని పిలుస్తుంటే రాదని చెప్పడానికి నామోషీ వేసింది. నిన్న కూడా చెప్పలేదు. మీతో కుమ్మక్కయ్యానని వీళ్ళు అనుకున్నా ఊరుకున్నాను. బాబాయి నా మాట నమ్మి పెట్టాడు సార్ సంతకం. ఒక్కరికీ పైసా ముట్టలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తల నేలకేసుకుని నిలబడింది. కింద తనే తుడిచిన గచ్చు.

గిన్నెలక్క ముక్కు ఎగబీల్చింది. "ఓసి నీ సిగ్గు తగలెయ్య. ఇదా? నాకు బాత్రూము తలుపు మీద రాత కూడా రాదే. పదేళ్ళుగా బొమ్మ చూసి పోతున్నా."

ఎవరో కిసుక్కుమన్నారు. వంటమాస్టరు బొంగురు గొంతుతో, తన జీతం కాగితంలో కోతలెందుకో ఇన్నేళ్ళుగా ఎవర్నీ అడగలేదన్నాడు. నాకూ తెలీదు అని ఒకరు, నాకూ అని ఇంకొకరు. ఒకళ్ళకొకళ్ళు దాచుకున్నదంతా ఒకే సిగ్గు.

చదువు రాకపోతే నా తప్పా అన్నాడు ఓనరు. బాబాయినీ ఆమెనూ అప్పటికప్పుడే పొమ్మన్నాడు. వంటమాస్టరు వంటగదిలోకి వెళ్ళి పొయ్యిలు ఒక్కొక్కటే ఆర్పి వచ్చాడు. పదకొండు మందీ వీధి తలుపు ముందు నిలబడ్డారు.

భోజనాలకు వచ్చినవాళ్ళకు ఆమే చెప్పింది. మీరు కార్డు మీద వేసే టిప్పు మాకు రాదు. ఏడాది డబ్బు కక్కేదాకా, బాబాయిని లోపలికి పిలిచేదాకా ఇక్కడ తినకండి. రోజూ కిటికీ పక్కన కూర్చునే పెద్దాయన ఆగాడు.

"టిప్పు మీకు చేరుతుందా అని అడిగినప్పుడల్లా చేరుతుందన్నావు కదమ్మా నాతో."

"అన్నానండి."

ఆయన లోపలికి పోకుండా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

గంటకల్లా పోలీసు జీపు వచ్చింది. అధికారి చేతిలో టైపు కొట్టిన కాగితం. అందరూ సంతకాలు పెట్టి వెళ్ళిపోండి, కేసుండదు అన్నాడు. కాగితమూ పెన్నూ ఆమె చేతికే వచ్చాయి.

"చదివి చెప్పండి సార్. ఒక్కో లైనూ."

"ఏం, నీకు చదువు రాదా?" వీధంతా వినబడేలా అడిగాడు.

మళ్ళీ చెవులు కాలాయి. ఎదురుగా జనం. వాళ్ళలో తెలిసిన మొహాలు. పాపను ఎత్తుకుని పక్కింటావిడ కూడా వచ్చి నిలబడింది.

"రాదండి. మాలో ఎవరికీ రాదు. అర్థమైతేనే పెడతాం."

వెనక గిన్నెలక్క మెట్టు మీద చతికిలబడింది. ఆ పక్కన బాబాయి. తర్వాత ఒకళ్ళ వెంట ఒకళ్ళు అందరూ దారికి అడ్డంగా కూర్చున్నారు. అధికారి జీపు వంక చూశాడు, జనం వంక చూశాడు, కాగితం తీసుకుని గొంతు సవరించుకుని మొదటి లైను చదివాడు.

"ఆగండి సార్," అంది ఆమె. "ఆ మాటకు అర్థం చెప్పి ముందుకెళ్ళండి."