ఏడు తరాల దారి

మెట్లెక్కి పైకొచ్చేసరికి జుమాదిల్‌కి ఆయాసం ముంచుకొచ్చింది. తాళం తీసి, ఫ్లాస్కు బల్లమీద పెట్టి, ఎడమ భుజం ఒకసారి నొక్కుకుని, రోజూ చేసే పనే చేశాడు. ముందు కెమెరా కంప్యూటర్ మీట నొక్కాడు, తరవాత బోర్డు కంప్యూటర్ది. అవి లేచేలోపు టోపీ తీసి కిటికీ పక్క మేకుకి తగిలించాడు. తెల్ల ఉన్ని టోపీ, అంచులు ఎప్పుడో టీ రంగుకి తిరిగాయి.

ఆ కిటికీలోంచి గుర్రాల పాకలు కనిపిస్తాయి. పందెం కనిపించదు. ఈ గది కట్టిన మహానుభావుడెవరో కిటికీని మైదానానికి వీపు తిప్పి పెట్టాడు. అందుకని ఇన్నేళ్లు గుర్రప్పందాల మైదానంలో పనిచేసినా, ఒక్క గుర్రం గెలుపు గీత దాటడం జుమాదిల్ కళ్లారా చూసింది లేదు. తెర మీద చూస్తాడు, అదీ దాటేశాక.

ఆయన పనేమిటో ఊళ్లో ఎవరికీ తెలియదు. కట్టుకున్న భార్యే "కంప్యూటర్లకి ఏదో చేస్తారు" అంటుంది, ఆవులకి దాణా వేస్తారన్నట్టు. నేను చెబుతాను, అదేమంత బ్రహ్మవిద్య కాదు. గీత దగ్గర కెమెరా తీసిన బొమ్మ పాత విండోస్ కంప్యూటర్లో పడుతుంది. జనానికి కనిపించే పెద్ద బోర్డుని నడిపేది లినక్స్ కంప్యూటర్. బొమ్మని ఎక్కడ దాచిందో మొదటిది రెండోదానికి దారి చెప్పాలి: ఫలానా అర, అందులో ఫలానా అర, అందులో ఇంకోటి. చిక్కంతా అక్కడే. మొదటిది దారిని ఒక అక్షరంతో మొదలుపెట్టి, మలుపు మలుపుకీ వెనక్కి వాలిన గీత పెడుతుంది. రెండోదానికి ఆ అక్షరాలే గిట్టవు. మొదలంటా వేరు నుంచి చెప్పాలి, గీతలు ముందుకి వాలాలి, లేదంటే మొహం తిప్పుకుంటుంది. ఎడమొహం పెడమొహంగా ఉన్న వియ్యపురాళ్ల మధ్య మాటలు మోసే మనిషి ఉంటాడు చూడండి, అలాంటి చిన్న ప్రోగ్రాము ఒకటి జుమాదిల్ రాశాడు. అక్కడి మాట తీసుకుని ఇక్కడ నచ్చేలా తిప్పి చెబుతుంది. అది ఒక్క క్షణం నోరు మూసుకుంటే బోర్డు చీకటి.

పోయినేడు శరత్కాలపు పందెంలో అదే జరిగింది. ప్రోగ్రాము తప్పు కాదు, ఎవరిదో మేక కేబుల్ కొరికింది. రెండు గుర్రాలు ముక్కూ ముక్కూ ఆనించి గీత దాటాయి, బోర్డు మీద బొమ్మ లేదు. ముగ్గురు ముసలి పెద్దలు కళ్లతో చూసింది చెప్పి, బాత్మా పెద్దమ్మ ఆడగుర్రం ఓడిందన్నారు. ఇంకేముంది, కొరడాలు లేచాయి, జనం తలలు పగలగొట్టుకున్నారు. ఈసారి కూడా బోర్డు వెలగకపోతే కెమెరా పీకేసి, గదికి తాళం వేసి, జుమాదిల్‌ని ఇంటికి పంపి, మళ్లీ ముసలివాళ్ల కళ్లకే తీర్పు అప్పగిస్తామని పందేల సంఘం తేల్చేసింది. ఆ 'ఈసారి' ఇవాళే.

బల్లమీది వాకీటాకీ గరగరలాడింది. గీత దగ్గర కెమెరా చూసే అమ్మాయి మీరిమ్ గొంతు.

"అన్నా, లేచావా, ఇంకా ఆవలిస్తున్నావా? బాత్మా పెద్దమ్మ గుర్రం నంబరు పెట్టి ఒక బొమ్మ తీశా. వచ్చిందా?"

జుమాదిల్ తెర చూశాడు. బొమ్మ రాలేదు. కెమెరా కంప్యూటర్ ఎర్రక్షరాలతో ఒకే మాట అంటోంది: దారి మరీ పొడుగు, నా వల్ల కాదు.

"మీరిమ్, ఇంకోటి తియ్యి."

ఇంకోటీ అంతే. మిగతా గుర్రాల బొమ్మలన్నీ చక్కగా వస్తున్నాయి. ఈ ఒక్కదానికే మొరాయిస్తోంది.

కారణం జుమాదిల్‌కి వెంటనే తెలిసిపోయింది, తెలిసి తల పట్టుకున్నాడు. ఇది మేనేజరు కెరిమ్‌కుల్ చలవ. ఏడుగురు తాతల పేర్లు చెప్పలేనివాణ్ణి మనం మనిషి కింద లెక్కేస్తామా, మరి గుర్రానికి మాత్రం ఆ మర్యాద వద్దా అని వాదించి, ప్రతి గుర్రం బొమ్మల్నీ దాని తండ్రి అరలో, ఆ తండ్రిని వాడి తండ్రి అరలో, అలా ఏడు తరాలు ఒకదాంట్లో ఒకటి పెట్టించాడు. ఆ పేర్లయినా చిన్నవా? 'తూర్పు లోయ ఫలానావారి మూడుసార్లు గెలిచిన ముదురు కెంపు గాలిదుమారం' అని ఒక్కొక్కటీ పెళ్లిపత్రికంత. పోయిన నెల బాత్మా పెద్దమ్మ తన గుర్రపు ఏడో తాతని కూడా వెతికి పట్టుకొచ్చి రాయించింది. పాత విండోస్‌కి దారి పొడుగులో ఒక హద్దుంది. ఆ ముసలి గుర్రం దాన్ని దాటించేసింది.

కెరిమ్‌కుల్ మెట్లు దడదడలాడించుకుంటూ వచ్చాడు. కొత్త కోటు, మెడలో ఈల.

"ఏంటన్నా, పొద్దున్నే పిడుగులాంటి కబురు?"

"ఒకరిద్దరు తాతల్ని తీసేద్దాం తమ్ముడూ, ఈ ఒక్క రోజుకి."

"ఎవణ్ణి తీసెయ్యమంటావు? నువ్వే చెప్పు. ఆ తరవాత బాత్మా పెద్దమ్మ కొరడా పట్టుకొస్తుంది, ఆవిడకీ నువ్వే చెప్పు!"

"పోనీ, పేర్లయినా కాస్త కురచ చేద్దాం."

"ఆ మూడోది మా మామగారి గుర్రం. కురచ చేసి చూడు, మా ఆవిడ నన్ను కురచ చేస్తుంది." కెరిమ్‌కుల్ గడియారం చూసుకుని తలుపు దగ్గర ఆగాడు. గొంతు తగ్గించాడు. "అన్నా, ఇవాళ బోర్డు వెలగాలి. నీకే కాదు, నాకూ కొంప మునుగుతుంది."

వాడు వెళ్లాక జుమాదిల్ జేబులోంచి ఎండు పెరుగు ఉండ తీసి బుగ్గన పెట్టుకున్నాడు. ఆలోచన వస్తే ఆయనకి ఆ పులుపు కావాలి. పొట్టి మనిషి, మొద్దు వేళ్లు. ఆ వేళ్లతో బల్లమీద దరువేస్తూ కిటికీలోంచి చూశాడు. కింద గుర్రాలు కడిగేవాడొకడు ఇంకొకణ్ణి కేకేస్తున్నాడు.

"ఒరేయ్, గాలిదుమారం మనవరాలికి నీళ్లు పెట్టావా?"

జుమాదిల్ వేళ్లు ఆగిపోయాయి.

వాడు ఏడుగురు తాతల్నీ చదవలేదే! తెలిసిన ఒక్కడి పేరు చెప్పాడు, మిగతావాళ్లు వాడి వెనకాలే ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ పోలేదు.

"ఓరి నా తండ్రీ" అన్నాడు జుమాదిల్ పైకే, ఒక్కడే నవ్వుతూ.

ఫ్లాపీల కాలం పోయాక ఎవరూ ముట్టుకోని 'బి' అక్షరం ఖాళీగా పడుంది. కెమెరా కంప్యూటర్లో ఒక్క వరుస ఆదేశం కొట్టి, ఐదో తరం అరకి ఆ అక్షరాన్ని పేరుగా పెట్టాడు. ఇకనుంచి విండోస్ అక్కణ్నుంచే లెక్క మొదలుపెడుతుంది, దారి సగానికి సగం తగ్గింది. తరవాత తన ప్రోగ్రాము తెరిచి దానికీ చెప్పాడు: బి కనిపిస్తే పై తాతలందర్నీ వరసగా నిలబెట్టి, గీతలు ముందుకి వాల్చి, బోర్డుకి పూర్తి దారి ఇవ్వు. రాస్తుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇరవయ్యేళ్ల కుర్రాడిలా మోకాళ్లు ఊపుతున్నాడు.

"మీరిమ్, తియ్యి!"

"తీశా... అన్నా! బోర్డు మీద పడింది! నా మొహమే పడింది, జుట్టు చూడు ఎలా ఉందో, తీసెయ్ బాబూ!"

మధ్యాహ్నం ఫ్లాస్కులోంచి ఉప్పు వేసిన పాల టీ పోసుకుంటుండగా కరెంటు ఒకసారి రెప్ప వేసి తెరిచింది. రెండు కంప్యూటర్లూ ఆరి, వాటంతటవే మళ్లీ లేచాయి. మా ఊళ్లో ఇది మామూలే. జుమాదిల్ టీ తాగాడు.

పందెం ఆఖరి చుట్టుకొచ్చింది. నేల అదురుతోంది, కిటికీ అద్దం జలజలలాడుతోంది. మైకులో వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు: బాత్మావారి కెంపు గుర్రం, పక్కనే బూడిద గుర్రం, కెంపు, బూడిద, కెంపు! వేలమంది ఒక్క గొంతుతో అరిచారు. ఆ తరవాత ఒక్కసారిగా నిశ్శబ్దం. అందరూ బోర్డు వైపు తిరిగారన్నమాట.

"అన్నా," వాకీటాకీలో మీరిమ్ అంది, "బోర్డు నల్లగా ఉంది."

జుమాదిల్ తెర మీద ఎర్రక్షరాలు: 'బి' అంటే ఏమిటి? అలాంటిదేదీ ఇక్కడ లేదు.

బయట ఈలలు మొదలయ్యాయి. ఎవడో "మేకని పిలవండ్రా!" అని అరిచాడు, నవ్వులు, ఆ వెనకే బూతులు.

"అన్నా, కొరడాలు తీస్తున్నారు! ముసలాళ్లు లేచి నిలబడ్డారు!"

కరెంటు. అవును, కరెంటు. అలా పెట్టిన పేరు కంప్యూటర్ ఆరితే చెరిగిపోతుంది. ఆ సంగతి తెలిసుండీ తీరిగ్గా టీ తాగుతూ కూర్చున్నాడు! తన్ను తాను తిట్టుకుంటూనే మొద్దు వేళ్లతో ఆ వరుస మళ్లీ కొట్టాడు. ఒక తప్పు. చెరిపాడు. మళ్లీ కొట్టాడు. బొమ్మ ఇంకా కెమెరా పొట్టలోనే భద్రంగా ఉంది.

"దాచు" అన్నాడు దానితో, నొక్కుతూ. "దాచమ్మా."

బి లేచింది. తాతలు వరసకట్టారు. గీతలన్నీ ఇటు వాలాయి.

ముందు ఆయనకి చప్పుడేమీ వినపడలేదు. కిటికీలోంచి చూస్తే, పాకల దగ్గరున్న పనివాళ్లు బోర్డు వైపు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అంతలో అందరూ ఒక్కసారి టోపీలు గాల్లోకి విసిరారు. ఒకడు నీళ్ల బకెట్టుని తన్నేసి చిందులేశాడు. ఆ తరవాత హోరు వచ్చింది. గది గోడలే కదిలాయి.

"ముక్కు!" మీరిమ్ ఏడుస్తూ నవ్వుతోంది. "కెంపుది ముక్కు ముందుంది అన్నా! గోడమీద గీసినట్టుంది!"

జుమాదిల్ కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతుల్తో మొహం తుడుచుకున్నాడు. ఎంత సంతోషమేసిందంటే, పక్కన ఎవరైనా ఉంటే కౌగిలించుకునేవాడే.

కెరిమ్‌కుల్ తలుపులోంచి తల పెట్టి, "అన్నా, గుర్రమ్మాంసం ఉడుకుతోంది, నీ వాటా తీసిపెట్టమన్నా, రా!" అని అరిచి మాయమయ్యాడు. జుమాదిల్ వెళ్లలేదు. కంప్యూటర్ ఎన్నిసార్లు ఆరి లేచినా, లేవగానే బి దానంతటదే నిలబడేలా ఏర్పాటు చేశాడు. తనే ఆర్పాడు, తనే లేపాడు. నిలబడింది. ఇంకోసారి ఆర్పి లేపి చూసి, టోపీ పెట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగాడు.

ఇంటికెళ్లే వ్యానులో కూర్చోడానికి చోటు దొరకడమే అదృష్టం. పక్కనున్న కుర్రాడు గొంతు బొంగురుపోయినా ఆగడంలేదు.

"చూశావా తాతా, బోర్డు మీద బొమ్మ?"

"లేదు బాబూ. నేనున్నచోటికి కనపడదు."

"అయ్యో, జన్మ వృథా! బాత్మా పెద్దమ్మ దగ్గరికి అందరూ పరిగెత్తారు, శుభవార్త తెచ్చాం, ఆనవాయితీ ప్రకారం మా బహుమానం మాకియ్యి అని. ఆవిడేమందో తెలుసా? 'మీ అందరికంటే ముందు బోర్డు చెప్పిందిరా నాకు. ఆ బోర్డుకి చెప్పినవాడెవడో వాడికే ఇస్తా' అంది. ఏమిస్తుందనుకున్నావు? ఆ గుర్రం తమ్ముడు, ఈ వసంతంలో పుట్టిన పిల్ల! ఇప్పుడు వాడెవడని ఊరంతా వెతుకుతోంది."

జుమాదిల్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"పిల్ల ఏ రంగు?"

"అక్క రంగే. నుదుట చుక్క."

"బాగుంటుంది" అన్నాడు జుమాదిల్. తల అద్దానికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆ తల కుర్రాడి భుజం మీదికి జారింది. "తాత నిద్రపోతున్నాడు, మెల్లిగా మాట్లాడండి" అని కుర్రాడు అందర్నీ కసిరాడు. తాత నిద్ర చెడుతుందని తన స్టాపు వచ్చినా దిగలేదు. ఆఖరి స్టాపులో డ్రైవరు వెనక్కొచ్చి ఆయన భుజం తట్టాడు. ఇంకోసారి తట్టాడు. వెళ్లి ఇంజను ఆపేశాడు.

తరవాతి పందేల రోజున ఆ గది తాళం మీరిమ్ తీసింది. ముందు కెమెరా కంప్యూటర్, తరవాత బోర్డుది. బి దానంతటదే నిలబడింది. మొదటి పందెం బొమ్మ బోర్డు మీద పడ్డాక, మెట్లమీద తిట్లు వినిపించాయి.

"ఎవడు కట్టాడే ఈ మెట్లు, గుర్రానికా, మేకకా?" బాత్మా పెద్దమ్మ రొప్పుతూ లోపలికొచ్చింది. "ఏడీ ఆ మనిషి? ఇప్పటికి దొరికాడు, ఆ కెరిమ్‌కుల్ నోరు విప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది! ఈ గది అనగానే మిగతాది వినకుండా వచ్చేశా."

"ఆయన లేరు పెద్దమ్మా." మీరిమ్ కుర్చీ వైపు చూపించింది. "ఆ సాయంత్రమే."

ముసలావిడ కిటికీ వైపు తిరిగింది. కిటికీలో పాకలు. అరచేతులు మొహానికి తాకించుకుని, ప్రార్థనకి పెదాలు కదిపి, ఆ తరవాత కోపంగా కళ్లు తుడుచుకుంది.

"మాట మాటే. గుర్రప్పిల్లని రేప్పొద్దున వాళ్లింటికి తోలేయిస్తా. ఇదిమాత్రం ఆయన చోటులోనే ఉండాలి."

ఆవిడ దిగిపోయింది. కింద మళ్లీ నేల అదరడం మొదలైంది, కిటికీ అద్దం జలజలలాడింది, మీరిమ్ తెర వైపు తిరిగింది. ఖాళీ కుర్చీ వీపుకి ఆవిడ తగిలించిపోయిన, గుర్రప్పిల్ల మెడకి సరిపడా పేనిన ఎర్ర ఉన్ని పగ్గం, ఇంకా ముడి వేయనిది, ఆ అదురుకి మెల్లిగా ఊగుతోంది.