సావునల్లా

నడుం దాకా గుంతలోకి దిగి బక్కయ్య వాల్వు తిప్పుతున్నాడు. మోకాళ్ల దాకా బురద. నాలుగు చుట్లు తిప్పి ఆగి, పైపుకు చెవి ఆనించాడు, చిన్నప్పుడు చూలుగొర్రె డొక్కకు ఆనించినట్టు. లోపల నీళ్లు కదిలాయి. "ఇడిసిన్నమ్మా!" అని వీధిలోకి కేకేశాడు. గడపల్లోంచి బిందెలు బయటికొచ్చాయి.

చివ్వెంల నుంచి చీకటితోనే బండి మీద సూర్యాపేట రావడం, వంతు ప్రకారం వాడవాడకూ నీళ్లు వదలడం, అతని బతుకంతా ఇదే. తమ్ముడు నగేష్ గొర్లను చూసుకున్నాడు, ఇతను నీళ్లను చూసుకున్నాడు. తిప్పీ తిప్పీ కుడి భుజం జారిపోయింది. ఎవరితోనూ గొడవ పెట్టుకున్న మనిషి కాదు. అసలు అతనొకడున్నాడని జనానికి గుర్తొచ్చేది నీళ్లు రాని రోజే.

అతని చేతిలో ఉన్న పెత్తనం ఒక్కటే, సావునల్లా. ఏ వాడలో మనిషి పోయినా, వంతు కాకపోయినా, ఆ వాడకు నీళ్లు వదలాలి. శవానికి స్నానం చేయించాలి, మట్టి వేసి వచ్చినవాళ్లు కాళ్లుచేతులు కడుక్కోవాలి. మున్సిపాలిటీ రోజుల నుంచీ వాల్వు తిప్పేవాళ్లు పాటించిన పద్ధతి ఇది. ఎవరి ఆర్డరూ లేదు. కబురు రావడం, వెళ్లి తిప్పడం, అంతే. ఆ ఒక్క నల్లాకు మాత్రం కేక వేసేవాడు కాదు.

నీళ్ల పని కంపెనీ చేతికొచ్చాక గుంతల మూతలకు గొలుసులు, తాళాలు పడ్డాయి. ఏ రోజు వంతు ఉన్న తాళంచెవులు ఆ రోజే ఆఫీసులో ఇస్తారు. అలా చెవి ఇవ్వని తాళం తీసిన ఒకతన్ని మరునాడే పని మానిపించారు కూడా.

ఆ పొద్దున వంతు ముగించుకుని వెళ్లేసరికి ఆఫీసు ముందు షామియానా వేసి ఉంది. మానవ హక్కుల దినమట. 'నీరు ప్రతి మనిషి హక్కు' అని గోడంత ఫ్లెక్సీ కట్టారు. బురద కాళ్లు కడుక్కోమని చెప్పి బక్కయ్యను ముందు వరుసలో నిలబెట్టారు. అందరూ చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెయ్యాలి. చాచిన చెయ్యి చాచినట్టే ఉండగా జేబులో ఫోన్ మోగింది.

"కాకా, మా అమ్మ పోయింది." చర్చి వెనక వాడ సత్తమ్మ కూతురు నీరజ గొంతు. "ఇంట్ల బిందెడు నీళ్లు గూడ లెవ్వు. సావునల్లా ఇడుస్తవా?"

"వస్తున్న బిడ్డా."

సూపర్‌వైజర్ ప్రేమ్ కుమార్‌ది కోదాడ. బక్కయ్య కొడుకు వయసుంటుంది.

"సారూ, చర్చెనక వాడల సావైంది. తాళంచెయ్యి ఇయ్యున్రి."

"ఇవాళ వాళ్ల టర్న్ కాదు కదా బక్కయ్యా. యాప్‌లో రిక్వెస్ట్ పెట్టుకోమను, రేపు చూద్దాం."

"రేపటిదాంక పీనుగనెట్ల ఉంచుతరు సారూ?"

"మెల్లగా మాట్లాడు, గెస్టులున్నారు. చావులకల్లా నీళ్లు వదులుకుంటూ పోతే కంపెనీ నడుస్తుందా ఏంటి? ట్యాంకర్ తెప్పించుకోమను. వెళ్లి లైన్లో నిలబడు, ఫొటో తీస్తున్నారు."

మైకులో ఎవరో చదువుతున్నారు, ఏ ఒక్కరికీ నీరు నిరాకరించబోమని. పక్కనున్నవాళ్లు ఆ మాటే అప్పజెబుతున్నారు. బక్కయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గా మాట మీరే అనుకోన్రి సారూ. నాతోని కాదు," అని వరుస తప్పుకుని బండి తీశాడు. తాళం పగలగొడితే ఉద్యోగం పోతుంది. ఇంట్లో కోడలు సరిత ఏమంటుందో కూడా తెలుసు. అయినా బండి ఆపలేదు.

సత్తమ్మను నులకమంచం మీద పడుకోబెట్టారు. నెలల తరబడి మంచంలో ఉన్న మనిషి, ఆఖరి రాత్రి కక్కినది మెడ మీద అట్టకట్టి ఉంది. తాగే నీళ్లలో పైటకొంగు తడిపి నీరజ ముఖం ఒక్కటే తుడవగలిగింది.

"తాళంచెయ్యి ఇయ్యలే బిడ్డా. గట్టి రాయేదన్న ఉంటే తే," అన్నాడు బక్కయ్య.

నీరజ ఇంట్లోకి పోయి కారం నూరే పొత్రం తెచ్చింది. అతను రెండు చేతులా ఎత్తి గుంత మూత తాళం మీద వేశాడు.

"హక్కంట! ప్రతిజ్ఞంట! ఫొటోవంట!"

తాళం ఊడి పడింది. వాల్వు తిప్పాడు. నల్లాల్లో ముందు తుప్పు నీళ్లు, వెనకాలే తేట నీళ్లు వచ్చాయి. తలుపు చాటున నీరజ తల్లికి తలారా స్నానం చేయించింది.

ప్రేమ్ కుమార్ వచ్చేసరికి పాస్టర్ ప్రార్థన మొదలైంది. అతను ఊడిన గొలుసును ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

"కార్డివ్వు. రేపట్నుంచి రావొద్దు."

బక్కయ్య మెడలోని కార్డు తీసిచ్చాడు. "మట్టేసి వచ్చెదాంక బంద్ చెయ్యకున్రి సారూ."

ప్రేమ్ కుమార్ గుంత వైపు కదిలాడు. పక్కింటి సైదమ్మ వచ్చి గుంత ఒడ్డున కూలబడింది. "ముందు నన్ను జరుపు," అంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు కూర్చున్నారు. అతను ఫోన్ చెవికి పెట్టుకుని దూరంగా వెళ్లిపోయాడు.

శవాన్ని లేపారు. బక్కయ్య నలుగురితో పాటు వాడ చివరిదాకా భుజం ఇచ్చి, అక్కడి నుంచి చివ్వెంల దారి పట్టాడు.

సాయంత్రం వాడంతా కాళ్లు కడుక్కున్నాక కంపెనీవాళ్లు వాల్వు కట్టేసి, కొత్త తాళం వేసిపోయారు. సత్తమ్మ పొత్రం మూత పక్కనే పడి ఉంది, ఎన్ని నీళ్లు పారినా రాతి గరుకులో కారం ఎరుపు అలాగే ఉంది.