శనివారం చల్లారిన పొయ్యి

ఆ ఉదయం ఆకాశం చేప పొలుసుల్లా ఉంది. చిన్న చిన్న తెల్లమబ్బులు ఒకదాని అంచు మీద ఒకటి పేర్చినట్టు పరుచుకున్నాయి. సందుల్లోంచి లేత నీలం కనిపిస్తోంది. రేపు వాన తప్పదు గానీ ఇవాళ చీకటిపడే దాకా గాలి లేవదని ఆల్టన్ అనుకున్నాడు. చిన్నప్పటి నుంచీ పడవ మీద బతికినవాడికి ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఆకాశం చూడటం అయ్యాక ఇంటివైపు తిరిగాడు. పునాది చుట్టూ మోకాలెత్తున ఫర్ చెట్ల కొమ్మలు ఒత్తుగా పేర్చి ఉన్నాయి. మెయిన్ రాష్ట్రపు తీరంలో పాత ఇళ్లకు శీతాకాలం ముందు ఇలా కొమ్మలు కప్పకపోతే నేల కిందనుంచి చలి ఎక్కి వస్తుంది. ఒకప్పుడు నాన్న కొమ్మలు నరికేవాడు, అక్క వెర్నా మోసుకొచ్చేది, ఆల్టన్ పేర్చేవాడు. జిగురు అంటిన చేతులతోనే అన్నాలకు కూర్చుంటే అమ్మ కేకలేసేది. ఇప్పుడు మూడు పనులూ ఆల్టనే చేస్తున్నాడు. చేతులకు అదే వాసన.

ఈ ఏడు మాత్రం ఇంకో పని కూడా చేశాడు. వారం నుంచి అక్క చూడని వేళల్లో, కిటికీల పక్కన, దూలాల కింద, అటక తలుపు అంచున, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ గుడ్డపీలికలు కూరాడు. ఇవాళ, ఇళ్లకు చలి ఆపే పనులు చేసే ట్రావిస్ వస్తున్నాడు. ఇంట్లోకి ఎంత గాలి చొరబడుతోందో కొలుస్తాడట. రేవులో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. నాన్న కట్టిన ఇల్లు చిల్లుల గంప అని ట్రావిస్ నోటి నుంచి ఊళ్లోకి పాకడం ఆల్టన్‌కు ఇష్టం లేదు.

"ఒరేయ్, తలుపు బార్లా తీసి పెట్టి ఏం చూస్తున్నావు? నా చిక్కుడు గింజలు చల్లారిపోతాయి" అని లోపల్నుంచి వెర్నా అరిచింది.

శనివారం కదా. తెల్లవారకముందే ఇనప కుండలో చిక్కుడు గింజలు, ఉప్పు పట్టించిన పంది మాంసం, నల్ల బెల్లప్పాకం వేసి కట్టెల పొయ్యి అరలో పెట్టింది. సాయంత్రం దాకా అది అలా మగ్గాలి. ఆ ఇంట్లో శనివారం రాత్రి ఇంకేదీ తినరు.

వెర్నా ఆల్టన్ కన్నా ఆరేళ్లు పెద్ద. సార్డీన్ చేపల ఫ్యాక్టరీ మూతపడే దాకా అక్కడ కత్తెరతో చేపల తలలు కోసి డబ్బాల్లో సర్దింది. ఆ వేళ్లు ఇప్పుడు వంకర్లు తిరిగాయి. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసి తమ్ముడితో ఉంటోంది. పోయిన శీతాకాలం ఊపిరితిత్తులకు నెమ్ము చేసి ఆసుపత్రిలో పడింది. ఇలాంటి చలి ఇంట్లో ఇంకో చలికాలం వద్దన్నాడు డాక్టరు. ఆమె ఏమీ గొడవ చేయలేదు. ఒకరోజు గిన్నెలు తుడుస్తూ అంది:

"క్రిస్మస్ లోపల ఇల్లు వెచ్చబడకపోతే నేను బాంగోర్ పోతానురా. లొరెట్టా రమ్మంటోంది."

లొరెట్టా ఆమె భర్త వైపు మేనకోడలు, బాంగోర్ పట్నంలో ఉంటుంది. బాంగోర్‌కు పోయినవాళ్లు వసంతానికి తిరిగొస్తామనే పోతారు. రావడం ఆల్టన్ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే ట్రావిస్ ఈ మాట చెప్పాడు. ఇంటికి వెచ్చదనం నిలిచే పనులు చేయించుకుంటే సామాను ఖర్చులో మూడో వంతుకు కాస్త తక్కువ పన్నులోంచి తగ్గిస్తారని. డిసెంబరు ఆఖరు లోపల పని పూర్తవాలి, ఆ తర్వాత ఆ రాయితీ ఎత్తేస్తున్నారు. అదీ పన్ను కట్టేవాళ్లకే. వెర్నా పింఛనుకు పన్నే లేదు. ఆల్టన్ ఇంకా లాబ్‌స్టర్లు పట్టే వలబుట్టలు సముద్రంలో వేస్తున్నాడు, పన్ను కడుతున్నాడు. వచ్చే వసంతంలో పడవ అమ్మేస్తున్నాడు. ప్రభుత్వం ఆ రాయితీని ఎత్తేయకపోయినా వచ్చే ఏడాదికి అతనికి తగ్గించడానికి పన్నే ఉండదు. ఆ తగ్గింపు లేకుండా ఆ పని వాళ్ల చేతయ్యేది కాదు.

ట్రావిస్ బండి దిగుతూనే పొగగొట్టం వైపు చూశాడు. నలభై ఏళ్లవాడు, గడ్డం ఎర్రగా ఉంటుంది. పక్క రేవులోనే పెరిగాడు. వీళ్లను మామా, అత్తా అనే పిలుస్తాడు.

"మామా, నిన్న రాత్రి నుంచీ పొయ్యి వెలిగించొద్దని చెప్పానా లేదా?"

ఆల్టన్ నేల చూశాడు. విన్నాడు గానీ అక్కతో చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

"శనివారం పొయ్యి ఆర్పమంటావా?" అంది వెర్నా గుమ్మంలోంచి. "మీ అమ్మ వింటే ఏమంటుంది?"

"అత్తా, నేను తలుపుకి ఫ్యాను బిగిస్తాను. అది ఇంట్లో గాలంతా బయటికి లాగుతుంది. పొయ్యిలో నిప్పుంటే పొగా బూడిదా మన మొహాలకే."

"అయితే సోమవారం రా."

"సోమవారం లేదు, వచ్చే సోమవారమూ లేదు. గడువు ముంచుకొచ్చాక ఊరంతా ఇప్పుడే నిద్ర లేచింది. ఇవాళ కొలవకపోతే ఈ ఏడాది మీ పని నా వల్ల కాదు."

వెర్నా కుండ ఉన్న అర ముందు నిలబడింది, ఎవరైనా వచ్చి లాక్కుంటారేమో అన్నట్టు. ఆల్టన్ అన్నాడు:

"నాన్న గొయ్యి ఉంది కదక్కా."

వలల కొట్టం వెనక, రాళ్లు పరిచిన గొయ్యి. బ్లూబెర్రీలు కోసే రోజుల్లో కూలీలందరికీ నాన్న అందులోనే చిక్కుడు గింజలు వండేవాడు. నిప్పుల మీద కుండ దించి, పైన మట్టి కప్పి, పొలానికి పోయేవాడు. సాయంత్రం తవ్వి తీస్తే మూత దగ్గరే జనం గుమిగూడేవాళ్లు. ఇప్పుడు దాని మీద ఫెర్న్ మొక్కలు మొలిచాయి.

"అది పూడిపోయి ఉంటుందిరా."

"రాళ్లెక్కడికి పోతాయి."

ఆల్టన్ పార తీసుకున్నాడు. మట్టి తీసేసరికి రాళ్లు నల్లగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎండు కట్టెలు వేసి మంట పెట్టి, రాళ్లు కాలాక పొయ్యిలో నిప్పంతా రేకు బకెట్‌లో తెచ్చి పోశారు. కుండను ట్రావిస్ రెండు చేతులా మోసుకొచ్చాడు. వెర్నా వెనకే నడుస్తూ, "వంచకు, వంచకు. నీ పెళ్లి కేకు నువ్వే పడేసుకున్నావు, నాకు గుర్తుంది" అంది.

"అత్తా, అది వానపడిన గడ్డి తప్పు."

"గడ్డి నిన్ను పిలిచిందా?"

మట్టి కప్పేశారు. పొయ్యి ఖాళీ చేసి తుడిచారు. శనివారం పూట ఆ పొయ్యి చల్లగా ఉండటం, అమ్మ పోయిన రోజు తర్వాత వెర్నా మళ్లీ ఇప్పుడే చూసింది. అరచెయ్యి దాని మీద పెట్టి తీసేసింది.

ట్రావిస్ వంటింటి తలుపు చట్రానికి ఎర్రగుడ్డ బిగించి, మధ్యలో ఫ్యాను పెట్టి తిప్పాడు. చేతిలోని చిన్న యంత్రం చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. ఫ్యాను ఆపి, మళ్లీ తిప్పి చూశాడు.

"మామా, కొత్తగా కట్టిన బ్యాంకు కూడా ఇంత బిగువుగా లేదు. ఇక్కడ చేయడానికి నాకు పనేముంది?"

ఆల్టన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ట్రావిస్ ఆ కిటికీ దగ్గరకే వచ్చి, చట్రం పక్కన వేలు పెట్టి గులాబీ పూల పీలిక ఒకటి బయటికి లాగాడు. ఇంకాస్త లాగితే అది ఏప్రన్ అయింది.

"ఇదేమిటి?"

"అమ్మది" అంది వెర్నా. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్ మొండి వెధవా. డాక్టరు దగ్గరికి పోయి దగ్గు ఆపుకుని కూర్చున్నట్టుంది నీ పని."

"ఇల్లు చూడటానికి మనిషి వస్తున్నాడు కదాని…"

"నేను బాంగోర్ పోవడం నీకిష్టమేనా?"

ఆల్టన్ వెళ్లి అటక తలుపు దగ్గర మొదటి పీలిక లాగాడు.

లాగుతున్నకొద్దీ వచ్చాయి. తను కూరినవే కాదు, వాటి వెనక ఎప్పుడెప్పుడో నాన్న కూరినవి. వెర్నా స్కూలుకు వేసుకున్న గళ్ల గౌను అంచు. పిండి సంచి ముక్క. పడవ రంగు తుడిచిన గుడ్డ, ఆ ఆకుపచ్చ పడవ ఇప్పుడు లేదు, రంగు మాత్రం ఉంది. ప్రతిదీ వెర్నా చేతికి ఇచ్చాడు. ఆమె వెలుతురుకు పట్టి చూసి, ఒడిలో పెట్టుకుంది. "ఈ గౌను చించినందుకు నిన్ను కొట్టాను, గుర్తుందా?" అంది.

"చించింది మేక."

"మేకను తెచ్చింది నువ్వు."

చివరిది ఆమె కుర్చీ వెనక కిటికీలో ఉంది. ఉన్ని చేతి తొడుగు. మగవాళ్ల చేతులకు రెండింతలుగా అల్లి, సముద్రపు నీళ్లలో ఉడికించి కుదించేది అమ్మ, తడిసినా వెచ్చగా ఉండేలా. అది నాన్నది. ఎన్నో ఏళ్ల తడికి ఇంకా కుదించుకుపోయి ఉంది. వెర్నా వంకర వేళ్లు అందులోకి నెమ్మదిగా దూర్చింది. సరిపోయింది.

ట్రావిస్ ఫ్యాను మళ్లీ తిప్పాడు.

ఈసారి ఇల్లు ఊపిరి తీసుకుంది. గోడల్లోంచి, నేల సందుల్లోంచి గాలి వచ్చింది. గాలితో పాటు వాసన వచ్చింది. సముద్రం వెనక్కి తీసినప్పటి బురద వాసన, ఎండిన ఉప్పు వాసన. చలి ఆగడానికి గోడల మధ్య నాన్న సముద్రపు గడ్డి ఎండబెట్టి కూరాడు. ఒడ్డు నుంచి గడ్డి మోసిన వేసవి ఆల్టన్‌కు అలాగే గుర్తొచ్చింది. నాన్న గంపలోంచి గడ్డి అందుకుని, చొక్కా లేకుండా, గోడ లోపల నిలబడి నవ్వుతున్నాడు. అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకే వాసన పీలుస్తున్నారని మాత్రం ఇద్దరికీ తెలుసు.

అప్పుడు ఆల్టన్ కంటికి తెర కనిపించింది. వెర్నా కుర్చీ వెనక కిటికీ తెర లోపలికి ఉబ్బి, ఆమె మెడను తాకుతోంది. మిగతా గదిలో ఎక్కడా అంత గాలి లేదు. ఇన్నేళ్లుగా ఆమె కూర్చునేది అక్కడే. తను కూర్చునేది పొయ్యి పక్కన.

ట్రావిస్ ఫ్యాను ఆపాడు.

"గోడల్లో గడ్డిని నేను కదపను మామా. మంచి సరుకు. అటక మీద చలి ఆపే దూది దట్టంగా నింపి, కిటికీల చుట్టూ, కింద పునాది దూలం వెంట గట్టిపడే నురగ కొడితే చాలు." కాస్త ఆగాడు. "ఒక్కటే. ఆ తర్వాత కొమ్మలు పేర్చొద్దు. తడి పట్టి దూలం కుళ్లుతుంది."

ఆల్టన్ తన అరచేతులు చూసుకున్నాడు. జిగురు నల్లగా అంటుకుని ఉంది.

"ఇంకెప్పుడూ వద్దా?"

"ఇంకెప్పుడూ."



"క్రిస్మస్ లోపల అయిపోవాలి" అన్నాడు ఆల్టన్. "బిల్లు నా పేరన రాయి. పన్ను కట్టేవాడిని నేనే."

"ఇన్నేళ్లు కట్టినందుకు మొదటిసారి పనికొచ్చింది" అంది వెర్నా.

ట్రావిస్ అటక, కిటికీలు, నేలమాళిగ కొలుచుకునేసరికి పొద్దు వాలింది. కొమ్మలు తీసేయడానికి తను వచ్చే వారం మనిషిని పంపుతానన్నాడు. "అక్కర్లేదు, నేనే తీస్తాను" అన్నాడు ఆల్టన్. పొయ్యి వెలిగించి, గొయ్యి తవ్వి కుండ పైకి తీశాడు. మూత తీస్తే ఆవిరితో బెల్లప్పాకం వాసన వంటింట్లోకి కమ్మేసింది. వెర్నా గరిటెతో ఒక గింజ తీసి నలిపి చూసింది. ఏమీ అనలేదు. బాగోకపోతే అనేది.

ట్రావిస్‌ను ఉండమన్నారు. వెర్నా నల్ల రొట్టె కోసేలోపు ఆల్టన్ ఆమె కుర్చీని పొయ్యి పక్కకు జరిపి, తన కుర్చీ కిటికీ దగ్గర వేసుకున్నాడు. ఆమె చూసింది. కూర్చుంది. ఒక చేతికి నాన్న తొడుగు అలాగే ఉంది, రెండో చేత్తో చెంచా తీసుకుంది.

పీలికలు ఏవీ ఆల్టన్ తిరిగి కూరలేదు. గాలి సూదిలా మెడ మీద గుచ్చుతోంది. తల తిప్పితే ఆ కుర్చీలోంచి రేవంతా కనిపిస్తోంది. చీకటి పడుతున్న నీళ్ల మీద, కట్టేసి ఉన్న తన పడవ కూడా. ఇక్కడి నుంచి అది కనిపిస్తుందని అతనికి ఇంతవరకూ తెలియదు.