పిస్తా పొడిలో అబద్ధం

స్ఫాక్స్ పట్నంలో లస్సాద్ మిఠాయి కొట్టు తెలియనివాళ్లు లేరు. రౌధా చెల్లెలు సిహేమ్ నిశ్చితార్థానికి పిస్తా పొడి కూరిన పొరల మిఠాయి, బక్లావా, అక్కడినుంచే తెచ్చారు. సిహేమ్‌కి వేరుశనగ పడదు. ముందే అడిగితే, తన కొట్లో ఆ గింజే ఉండదని లస్సాద్ ఒట్టేశాడు. ఒక్క ముక్క తినగానే పిల్ల గొంతు వాచింది. ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

రౌధా పనిచేసేది ఆహార పరీక్షల ల్యాబ్‌లోనే. మిగిలిన ముక్కల్లో ఒకటి పరీక్షిస్తే వేరుశనగ లేదనే వచ్చింది. అది తెలిసి లస్సాద్ పరామర్శకొచ్చి, నలుగురి ముందూ రౌధా వాళ్లమ్మతో, పిల్ల గుండె మొదట్నుంచీ బలహీనమేమో, మీరే చూసుకోలేదన్నాడు.

రౌధాకి ఆ పరీక్ష మీదే అనుమానం వచ్చింది. ఇంట్లో తనే పిస్తాలో వేరుశనగ కలిపి బక్లావా కాల్చి, ల్యాబ్‌కి తెచ్చి పరీక్షించింది. అప్పుడూ ఏమీ లేదనే వచ్చింది. అంటే లోపం పరీక్షలోనే ఉంది. గట్టిగా కాలిన వేరుశనగ ద్రావణంలోకి దిగడం లేదు. ద్రావణంలో ఉప్పు మార్చింది, వేడి మార్చింది, నానబెట్టే సమయం మార్చింది. రెండేళ్లు పట్టింది. చివరికి ఒకరోజు ఉదయం పరీక్ష పలక గుంటల్లో, వేరుశనగ ఉందని చెప్పే పసుపు రంగు తేలింది. అప్పుడు ఫ్రీజర్‌లో దాచిన చెల్లెలి బక్లావా తీసింది. అదీ పసుపే. పగబట్టి చెప్పిందని ఎవరూ అనకుండా, పేరు రాయకుండా ఒక ముక్కని, కొత్త పరీక్ష పద్ధతి జతచేసి ట్యూనిస్‌లోని మరో ల్యాబ్‌కి పంపింది. అక్కడా అదే ఫలితం.

లస్సాద్‌ని ఇంటికి పిలిపించింది. కాగితం చూసి అతని మొహం పాలిపోయింది.

"కావాలని చేశానా తల్లీ?"

"చంపాలని చెయ్యలేదు బాబాయ్. లాభం కోసం పిస్తాలో వేరుశనగ కలపడం మాత్రం కావాలనే చేశావు. పరామర్శకొచ్చి ఆ మాట అనడం కూడా."

ఏం చేస్తే వదిలేస్తావన్నాడు. వదిలేస్తానని ఆమె అనలేదు. ఆ రోజు ఆ మాట విన్నవాళ్లందరి ముందూ నిజం చెప్పమంది, అంతే.

శుక్రవారం అందరూ వచ్చారు. లస్సాద్ తలొంచుకుని, వేరుశనగ కలిపానని, పిల్లకు ఏ జబ్బూ లేదని చెప్పాడు. రౌధా వాళ్లమ్మ లేచి లోపలికెళ్లిపోయింది. గడప దాటుతూ లస్సాద్, ఇక ఆ కాగితం చించేస్తావు కదమ్మా అని మెల్లగా అడిగాడు.

"నిన్న పొద్దున్నే ప్రాసిక్యూటర్‌కి ఇచ్చేశాను బాబాయ్."

అతను మెట్లమీద కూలబడ్డాడు. జాలేస్తుందేమోనని రౌధా కాసేపు నిలబడి చూసింది. వెయ్యలేదు. తలుపేసుకుని అమ్మ దగ్గరికెళ్లింది.