సాన తాత ఎవరని అడిగితే

నాలాగే నా కూతురి చదువు కూడా మధ్యలో ఆగిపోతుందేమోనన్నదే నాకున్న అన్నిటికంటే పెద్ద భయం.

మాది కత్తుల సందు. ఒకప్పుడు వరసగా కత్తులకు, కత్తెరలకు సానపట్టే దుకాణాలుండేవని ఆ పేరు. దుకాణాలు పోయాక పేరు మిగిలింది, దానికి తగ్గ మనుషులు వచ్చి చేరారు. నా చిన్నప్పుడు ఆటోవాళ్లు మలుపు దగ్గరే దింపేసేవారు. సానపట్టేవాళ్లలో ఒక్కడే మిగిలాడు. మేం సాన తాత అనేవాళ్లం. చక్రం బండి తోసుకుంటూ రోజూ నన్ను బడి దాకా దింపేవాడు. నా ఎనిమిదో తరగతిలో ఆయన మంచాన పడ్డాడు. తోడు లేక నాన్న నన్ను బడి మాన్పించాడు. తాత కొన్నాళ్లకు లేచి మళ్లీ బండి పట్టుకున్నాడు, నా చదువు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు సందుకు దీపాలొచ్చాయి, కెమెరాలొచ్చాయి. చివర్లో అపార్ట్‌మెంట్లు, వాటి పక్కన మంచి బడి. అందులో సీటుకు కాలనీ సంఘం ప్రెసిడెంటు సంతకం కావాలి. ఆ మేడం సర్వే కాగితాలతో మా ఇంటికే వచ్చింది.

"ఇంకా ఈ సందులో కత్తులు పట్టుకు తిరిగేవాళ్లున్నారామ్మా?"

ఆ ప్రశ్నకు మా సందులో పుట్టినవాళ్లందరిదీ ఒకటే జవాబు, ఎప్పటినుంచో ఉన్న వేళాకోళం.

"ఒకడున్నాడండీ, సాన తాత. రోజుకు ఇరవై కత్తులు."

వంటగదిలోంచి మా అత్త పకపకా నవ్వింది. మేడం నవ్వలేదు, రాసుకుంది.

"ఎక్కడుంటాడు?"

వేళాకోళానికన్నానండీ అనే మాట నోటిదాకా వచ్చింది. నా కూతురి సీటు కాగితం ఆవిడ ఒళ్లో ఉంది, సంతకం ఇంకా పడలేదు.

"మలుపు దగ్గర మెట్ల కింద గదిలోనండీ," అన్నాను.

ఆవిడ వెళ్లాక అత్త బయటికొచ్చింది. "ఏమే, నవ్వులాటని చెప్పలేకపోయావా?"

"ఆవిడకు తెలిసే ఉంటుందిలే అత్తా," అన్నాను.

నాలుగో రోజు కాలనీ సంఘం పంపిన ఇద్దరు మనుషులొచ్చి తాత బండిని వ్యానెక్కించారు. ఆయన్ని వృద్ధాశ్రమంలో చేరుస్తామన్నారు. తాత గొడవ చెయ్యలేదు. నా వైపు చూపించి, "ఇదిగో, ఈ పిల్లనడగండి బాబూ. నేనెవరో ఇది చెబుతుంది," అన్నాడు.

వాళ్లు నా వైపు తిరిగారు. పక్కనే మేడం నిలబడి ఉంది.

"అంతగా తెలీదండీ," అన్నాను.

తాత నన్ను తిట్టలేదు. "దానికి పిల్లల పని, తీరిక లేదు," అని వాళ్లకే సర్దిచెప్పి వ్యానెక్కాడు.

సీటు వచ్చింది. నా కూతురు తోడు లేకుండానే బడికి వెళ్లి వస్తోంది. నేను రెండుసార్లు ఆశ్రమం గేటు దాకా వెళ్లాను. ఎవరు కావాలని కాపలా అతను అడిగితే ఏమవుతానని చెప్పను? తిరిగొచ్చేశాను.

మీలో ఎవరైనా బస్సు డిపో వెనక ఉన్న ఆ ఆశ్రమం వైపు వెళితే, ఒక్కసారి లోపలికి వెళ్లి ఆయన్ని చూడండి. ఎడమ చెవి వినబడదు, కుడివైపు నిలబడి మాట్లాడండి. వేళకు తింటున్నాడో లేదో కనుక్కోండి. ఎవరు పంపారని అడిగితే, రోజూ ఆయన బడికి దింపిన పిల్ల అని చెప్పండి.