బండలు కడిగే మందు

పొద్దున్న ఎనిమిది కొట్టేలోపు స్త్రీల వైద్య విభాగంలో నేలంతా తళతళలాడాలి. ఆ తళతళ ఆయమ్మ చేతి చలవ. బకెట్ నీళ్ళకు రెండు మూతల క్రిమిసంహారక మందు కలపడం, గది మూల నుంచి గుమ్మం దాకా వెనక్కి నడుస్తూ తుడవడం, తడి ఆరేదాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వకపోవడం ఆమెకు పదకొండేళ్ళుగా అలవాటైన పని. నేల అయ్యాక డాక్టరమ్మ గది గోడమీది పటం తుడుస్తుంది. ఏడో తరగతి దాకా చదివింది కనుక దాని కింది అక్షరాలు కూడా చదవగలదు. "తెల్లబట్ట రంగు మారినా, చెడు వాసన వచ్చినా, దురద, మంట ఉన్నా వెంటనే చూపించుకోండి." అయిదు నెలలుగా ఆమెకు ఆ నాలుగూ ఉన్నాయి. అయినా రోజూ ఆ అక్షరాల మీది దుమ్ము తుడిచి పక్క గదికి వెళ్ళిపోయేది.

చూపించుకోవచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. ఆ ఆసుపత్రిలో యూనిఫాం వేసుకున్నవాళ్ళు రోగుల వరుసలో నిలబడకూడదట. ఆమె డ్యూటీ దిగేది రెండింటికి, డాక్టరమ్మ గది మూసేది ఒంటిగంటకు. సెలవు కావాలంటే సూపర్‌వైజరుకు కారణం చెప్పాలి. నలుగురిలో రిజిస్టరు తెరిచి, "ఏం రోగం?" అని గట్టిగా అడిగే మగవాడికి ఏ ఆడది ఏమని చెబుతుంది? పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఇక్కడ ఆ చెట్టు దగ్గరికే పోనివ్వలేదు!

అత్తగారు వేడి చేసిందన్నారు. తోటి పనివాళ్ళలో ఒకామె తనకు మిగిలిన మాత్రలు రెండు ఇచ్చింది. దేనికీ తగ్గలేదు. చివరికి ఆయమ్మకు తన పనిలోనే ఉపాయం తట్టింది. ఆపరేషన్ గదిలో క్రిముల్ని చంపే మందు తనలో క్రిముల్ని చంపదా? చిన్న సీసాలో పోసుకుని ఇంటికి తెచ్చి, మగ్గు నీళ్ళకు అర మూత లెక్కన కలిపి కడుక్కోవడం మొదలుపెట్టింది. భగ్గున మండేది. మండుతోందంటే పనిచేస్తోందని పళ్ళు బిగబట్టి ఓర్చుకుంది.

బాధ ముదిరాక తోటికోడలు ఆమెను తమ వీధి చివరి క్లినిక్‌కు తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "గర్భసంచి పాడైంది. ఉంచితే క్యాన్సరవుతుంది. పిల్లలిద్దరున్నారుగా, ఇక దాంతో పనేముంది?" అన్నాడు. పనేముందట! ఇంట్లో పాత కుర్చీ గురించి అడిగినట్టు అడిగాడు. ఆమె భర్త వెల్డరు. క్లినిక్‌లో నింపి తెమ్మన్న ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టాడు. సోమవారం ఆపరేషన్.

"భయపడకు. నాకు ముప్ఫైకే తీశారుగా, పీడ వదిలింది," అంది తోటికోడలు. ఆ ముప్ఫై నుంచే ఆవిడకు ఒళ్ళంతా ఆవిర్లు, కీళ్ళ నొప్పులు. ఆ రెంటికీ సంబంధం ఉండొచ్చని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

చూపించుకోవడానికి దొరకని సెలవు కోయించుకోవడానికి క్షణంలో దొరికింది. శనివారం గది తుడుస్తూ ఆయమ్మ చెప్పింది.

"అమ్మా, ఎల్లుండి నుంచి నా బదులు ఇంకొకావిడ వస్తుంది. నాకు గర్భసంచి తీసేస్తున్నారు."

డాక్టరమ్మ తలెత్తింది. "ఎందుకు?"

"తెల్లబట్టమ్మా."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదమ్మా. చెప్పారు."

డాక్టరమ్మ లేచి తలుపు గడియ పెట్టింది. బయట వరుస ఉన్నా, నియమం ఉన్నా లెక్కచేయకుండా ఆమెను బల్లమీద పడుకోబెట్టి పరీక్షించింది. తెల్లబట్ట ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో, నురగగా ఉంది. అద్దపు పలక మీద చుక్క తీసుకుని మైక్రోస్కోపు కింద చూసింది.

"ఇంతలా ఒరుసుకుపోయిందేం? ఏం వాడావు?"

ఆయమ్మ బకెట్ వైపు చూపించింది.

"ఒళ్ళూ బండా ఒకటేనా తల్లీ? లోపల మనకి మేలు చేసే క్రిములుంటాయి. నువ్వు కాపలావాళ్ళని చంపి దొంగని వదిలేశావు. లోపల సబ్బు కూడా పెట్టకూడదు. వాసనా దురదా లేకుండా తెల్లగానో నీళ్ళగానో కొంచెం కావడం సహజం. పెరుగు విరిగినట్టు గట్టిగా ఉండి దురద పెడితే ఒక రకం, బూడిదరంగులో నీచువాసనొస్తే ఇంకో రకం, నీది ఆలుమగల మధ్య అంటుకునే మరో రకం. దేని మందు దానిదే, ఒకరి మాత్ర ఇంకొకరు మింగకూడదు. నెత్తురు కలిసినా, జ్వరం, పొత్తికడుపులో నొప్పి ఉన్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు. నీ గర్భసంచి బాగానే ఉంది. ఏడు రోజులు మాత్రలు వేసుకో. మీ ఆయన కూడా వేసుకోవాలి. ఇద్దరివీ అయ్యాక ఇంకో వారం దాకా దూరంగా ఉండాలి."

"ఆయనకేం లేదమ్మా."

"మగవాళ్ళకి చాలాసార్లు పైకి ఏమీ కనిపించదు. ఎవరికి ముందు అంటిందో నేను చెప్పలేను, తవ్వుకోకండి. ఒక్కదానివే మింగితే మాత్రం మళ్ళీ అంటుకుంటుంది."

సాయంత్రం వెల్డరు తన వంతు మాత్రలూ, చీటీ చూసి మండిపడ్డాడు.

"నాకా? నాకేం రోగం? తెలిసినవాళ్ళేమనుకుంటారు? సోమవారం ఎలాగూ ఆపరేషనుందిగా, దాంతో పోతుందిలే!"

పదిహేనేళ్ళ కాపురంలో ఆయమ్మ గొంతు పెంచడం అదే మొదటిసారి.

"నా కడుపు కోసెయ్యమని సంతకం పెట్టడానికి నీకు సిగ్గెయ్యలేదు. మాత్రలు మింగడానికి సిగ్గేసిందా? నా ఒళ్ళంటే అంత చవకా? సోమవారం నేను పనికి పోతున్నా. ఆ కాగితం చింపేశాను. నువ్వివి మింగేదాకా నా ఛాయలకి రాకు."

వెల్డరు ఏదో అనబోయాడు. గుమ్మంలో వదిన నిలబడి ఉండడం చూసి ఆగిపోయాడు. మాటలన్నీ విన్న తోటికోడలు మెల్లగా లోపలికి వచ్చి ఆ చీటీ చేతిలోకి తీసుకుంది.

"నన్నూ ఎవరూ చూడలేదే," అంది. "చెప్పారు, తీసేశారు. నాదీ నీలాగే, పసుపు రంగు నురగే... ఏడు రోజుల మాత్రలతో పోయేదా?"

ఆయమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. వెల్డరు తల వంచుకుని మాత్ర వేసుకున్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది ఆయమ్మ కాదు. పటం వేలాడదీసి మనిషిని వరుసలోంచి తోసేసిన ఆసుపత్రి చెప్పాలి, కుర్చీలోంచి లేవకుండా కత్తి ఎత్తిన డాక్టరు చెప్పాలి, ఆడదాని బాధకు వేడి అని పేరు పెట్టి చేతులు దులుపుకునే మనమందరం చెప్పాలి. అమ్మలారా, తెల్లబట్ట తేడాగా ఉంటే సిగ్గుపడవలసిన పని లేదు, సొంత వైద్యం చేసుకోవలసిన పని లేదు. పరీక్ష చేయించుకోండి, చూడకుండా కోస్తానన్నవాడి గడప మాత్రం తొక్కకండి.