వెనక టైరులో పదకొండు మంది

ఆసుపత్రి లాండ్రీలో పని పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది. వార్డుల నుంచి మూటలు వస్తాయి. రక్తం మరకలవి ఒక పక్క, మామూలువి ఒక పక్క. వేడినీళ్ళు, సబ్బు, బ్లీచింగు, ఆ తర్వాత ఇస్త్రీ రోలరు, చివరికి మడతలు. మడతల బల్ల దగ్గర నిలబడే ఆవిడని అందరూ మడతలక్క అనేవాళ్ళు. ఇద్దరు పట్టుకుని మడవాల్సిన దుప్పటిని ఆవిడ ఒక్కతే గడ్డం కింద నొక్కిపెట్టి మడిచేసేది. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల. ఆ గదిలో పంతొమ్మిదేళ్ళు ఆవిరి పీల్చడమంటే ఏమిటో కుర్చీల్లో కూర్చుని సంతకాలు పెట్టేవాళ్ళకి తెలీదు. తెల్లటి దుప్పటి మీద పడుకున్న రోగి కోలుకుని ఇంటికి పోతాడు. దాన్ని తెల్లగా చేసిన మనిషి దగ్గుతూ ఇంటికి పోతుంది.

"ఇంకో ఏడాది ఇక్కడే ఉంటే ఈ దగ్గు ఇక నీతోనే కాపురం చేస్తుంది, పని మార్చుకో" అన్నాడు వార్డు డాక్టరు. అనడానికేం, ఎన్నయినా అంటారు.

మార్చుకోవడానికి ఒక్కటే దారి కనబడింది. అటవీ ఆఫీసువాళ్ళు ఊరి వెనక కొండమీద ఏటా సైకిలు పోటీ పెడతారు. లావు టైర్ల కొండ సైకిలు మీద, ఒంటరిగా, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేలోగా ఎనిమిది చుట్లు తిరగాలి. తిరిగినవాళ్ళు ఛాతీ పరీక్షలో కూడా నెగ్గితే కొండ కాపలా ఉద్యోగం ఇస్తారు. చెట్ల మధ్య తిరగడం, తప్పిపోయినవాళ్ళని వెతకడం, పైన ఉన్న ఇళ్ళకి మందులు చేర్చడం. నలభై ఐదు దాటినవాళ్ళని పోటీకి రానివ్వరు. మడతలక్కకి నలభై ఐదు నిండడానికి రెండు నెలలే ఉంది. పదేళ్ళుగా సైకిలు మీదే పనికి వస్తున్న మనిషి, కాళ్ళకి ఢోకా లేదు. కానీ మూడేళ్ళు వరసగా వెళ్ళి, మూడుసార్లూ ఆరో చుట్టులో దిగిపోయింది.

ఎందుకు దిగిపోయిందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప.

ఆ ఊళ్ళో సైకిలు టైర్లకి గాలి నోటితోనే ఊదుతారు. పంపులు పొరుగూరివాళ్ళకి. ఊదినవాళ్ళ గుణం ఎంతోకొంత ఆ గాలిలో ఉండిపోతుంది. గుమాస్తా ఊదిన టైరు సాయంత్రం ఐదయ్యేసరికి దిగిపోతుంది. కొత్తగా పెళ్ళయినవాడు ఊదిన టైరు ఎటు తిప్పినా ఇంటివైపే లాగుతుంది. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుని చెరో చక్రం ఊదారా, ఆ సైకిలుని సందు మలుపు తిప్పడం ఎవరి తరమూ కాదు. మడతలక్క మాత్రం ఒంటరి పోటీ అంటే ఒంటరి పోటీయే అని, రెండు టైర్లూ తనే ఊదుకుని వెళ్ళేది. ఆవిడ అలిసిపోయేసరికి టైర్లూ అలిసిపోయేవి. ఆవిడ దగ్గితే అవీ దగ్గేవి.

నాలుగో ఏడు, పోటీకి ముందురోజు షిఫ్టు అయ్యాక, ఆవిడ అత్తగారు సైకిలుని మడతల బల్లకి ఆనించింది. అత్తగారిదీ అదే లాండ్రీ, చిరిగిన దుప్పట్లకి మాసికలు వేసే పని. కళ్ళజోడు సర్దుకుని, వెనక టైరులో గాలంతా తుస్సుమనిపించింది.

"అత్తా! ఏం చేస్తున్నావ్?"

"నీ పొగరు తీస్తున్నా. టైరులోది మాత్రమే. నీ లోపలిది నావల్ల కాదు."

"ఎవరి సాయమూ తీసుకోకూడదు. ఇది ఒంటరి పోటీ."

"రూళ్ళ కాగితం నేనూ చదివించుకున్నాలే. ఇంకొకళ్ళ చెయ్యి తగలకూడదు, ఇంకొకళ్ళ పనిముట్టు వాడకూడదు అని ఉంది. ఊపిరి మాట అందులో లేదు. మూడేళ్ళూ నీ గాలితోనే పోయావు. ఏం తెచ్చావ్? దగ్గు తెచ్చావ్."

"ఓడిపోతే నేనొక్కదాన్నే ఓడిపోతా. మిమ్మల్నందర్నీ ఎందుకు ఓడించాలి?"

"ఆహా! నీకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడల్లా నీ బల్ల మీద దుప్పట్లు ఎవరు మడిచారే? అవీ నువ్వొక్కదానివే మడిచావా?"

మడతలక్క ముందు చక్రాన్ని తనవైపు తిప్పుకుంది. "ముందు టైరు నాది, దాన్ని ముట్టుకోకండి" అని గొంతు తగ్గించి అంది.

లాండ్రీలో మిగతా పదకొండు మందీ వరసలో నిలబడ్డారు. బాయిలరు దగ్గరివాళ్ళు, మూటలు విప్పేవాళ్ళు, ట్రాలీ తోసేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు వంగి ఊదారు. రోలరు తిప్పే తాత, పుట్టినప్పుడు కూడా ఏడవకుండా గొణిగి ఉంటాడని పేరున్నవాడు, "ఈ గాలి మూతి ఎవడు చేశాడో గానీ ఎలక నోరు లాగుంది" అని గొణిగి మరీ ఊదాడు. ఆఖరున అత్తగారు, సూదిలో దారం ఎక్కించేటప్పటిలా పెదాలు బిగించి ఊదింది.

తెల్లవారి కొండ కింద జడ్జి ఒక్కొక్కరినీ ఆపి రాసుకుంటోంది.

"చక్రాల్లో ఎవరు?"

"ముందు నేను. వెనక లాండ్రీవాళ్ళు, పదకొండు మంది."

"చేతులు?"

"నావే."

"సరే. తర్వాతెవరు?"

తర్వాతివాడు పొరుగూరి నుంచి వచ్చిన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఉద్యోగానికి కాదు, గెలిచినవాళ్ళకిచ్చే కప్పు కోసం వచ్చాడు. "నాది పంపు గాలండీ. లోపల ఎవరూ లేరు. మనుషుల బరువు నాకెందుకు?" అని నవ్వాడు.

మొదటి ఎక్కుడులోనే మడతలక్కకి తేడా తెలిసింది. రాళ్ళమీద చక్రం జారబోతే కింద ఎవరో భుజం పెట్టినట్టు ఆగేది. ఎక్కుడు నిటారుగా ఉన్నచోట తాత గొణుగుడు సన్నగా వినబడేది, కానీ గొణుగుతూనే తోసేవాడు. పల్లంలో అత్తగారు. దారి ఎంత వంకర తిరిగినా కుట్టు తప్పనిచ్చేది కాదు.

నాలుగో చుట్టులో మాస్టారు వెనకనుంచి దూసుకొచ్చాడు. "అక్కా, నేర్చుకునేవాళ్ళు ఎడమ పక్కకి!"

"హారను కొట్టి అడగాలి నాయనా! మీ స్కూల్లో అదైనా నేర్పరా?"

ఆరో చుట్టులో ప్రతి ఏడూ తను దిగిపోయే వంగుడు బండ ఎక్కడొస్తుందా అని చూస్తూ తొక్కింది. ఎంతకీ రాదే అనుకుంటే, అది ఎప్పుడో వెనకబడిపోయిందని వాగు దాటాక గానీ తెలీలేదు. ముందు టైరు దగ్గుతూనే ఉంది. వెనక టైరు దాన్ని నెట్టుకొస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే చెమటతో పాటే తుడుచుకుంది.

ఎనిమిదో చుట్టు సగం అయ్యేసరికి పొద్దు ఇంకా బారెడుంది. గుంట దారి మలుపు కింద ఒక చక్రం ఊరికే తిరుగుతూ కనబడింది. పక్కన మాస్టారు వెల్లకిలా పడి ఉన్నాడు. హ్యాండిలు రొమ్ముకి కొట్టుకుని ఊపిరి ఆగిపోయింది. పెదాలు నీలంగా మారాయి, గట్టున పడ్డ చేపలా నోరు తెరిచి ఉంది. మడతలక్క కేకేసింది. కాపలావాళ్ళ జవాబు ఎక్కడో కింద నుంచి వినబడింది. అతని నోట్లోకి ఊదబోయింది. రెండోసారికే దగ్గు ముంచుకొచ్చి తనే కూలబడింది.

వెనక టైరు వైపు చూసింది. అది ఖాళీ అయితే ఎనిమిదో చుట్టు లేదు. చుట్టు లేకపోతే ఉద్యోగం లేదు, మళ్ళీ ఆ ఆవిరే. ఆలోచించలేదని చెప్పను. అలాంటప్పుడు ఆలోచించలేదని చెప్పేవాళ్ళంతా అబద్ధాలకోర్లు. మూడు లెక్కపెట్టేంతసేపు ఆలోచించింది. తర్వాత చక్రం అతని తల దగ్గరికి లాక్కుని, మూత తీసి, నోటితో గాలి పీల్చి అతనికి అందించడం మొదలుపెట్టింది.

ఆఖరున ఊదిన అత్తగారు ముందు వచ్చింది. తర్వాత బాయిలరువాళ్ళు, మూటలవాళ్ళు. ఒక్కొక్కరూ ఆవిడ నోట్లోంచి నడిచి అతని ఛాతీలోకి వెళ్ళారు. తాత వంతు వచ్చేసరికి మాస్టారు ఒక్క కుదుపుతో కదిలి, కళ్ళు తెరిచి, "ఈ దారి ఎవడు వేశాడో గానీ..." అని గొణిగాడు.

"అమ్మయ్య" అంది మడతలక్క. ఆ తర్వాత టైరు చూసుకుంది. రిమ్ము నేలకి ఆనుకుని ఉంది. ఊదబోతే నాలుగోసారికే దగ్గు.

"నా పంపు తీసుకో అక్కా."

"ముట్టుకుంటే నా పేరు కొట్టేస్తారు. నువ్వు ఊదు."

"నేనా? నాకు చేతకాదు."

"ఇందాక ఊపిరి పీల్చడం కూడా చేతకాలేదు. వచ్చిందిగా? ఊదు."

అతని భుజం ఎముక విరిగింది, లేవలేడు. ఆవిడే చక్రం ఎత్తి అతని నోటి దగ్గర పట్టుకుంది. కాపలావాళ్ళు మంచం తెచ్చేదాకా అతను పడుకునే ఊదాడు. పొద్దు జానెడుకి దిగింది.

మిగతా సగం చుట్టులో వెనక టైరు మహా జాగ్రత్తగా నడిచింది. ప్రతి మలుపులో నెమ్మదించి, రెండు పక్కలా చూసుకుని గానీ కదిలేది కాదు. "ఎదురుగా ఎవరూ లేరు నాయనా, పద!" అని మడతలక్క కొండంతా మార్మోగేలా అరిచింది. చిట్టచివరి పల్లంలో దానికి ధైర్యం వచ్చింది. పొద్దు అంచు కొండ వెనక ఇంకా కనబడుతుండగానే గీత దాటింది.

"వెనక ఎవరు?" అంది జడ్జి, టైరుని నొక్కి చూసి.

"మాస్టారు. దారిలో మారారు."

జడ్జి పదకొండు కొట్టేసి ఒకటి వేసుకుంది.

తర్వాతి వారం ఛాతీ పరీక్ష. కొండకి భయపడనిది ఆ చిన్న గదికి భయపడింది. పంతొమ్మిదేళ్ళ ఆవిరి ఎక్కడికి పోతుంది? అటవీ ఆఫీసు డాక్టరు ముసలాయన. గొట్టం చెవులకి పెట్టుకుని వీపు మీద ఒకచోట ఆనించాడు, ఇంకోచోట ఆనించాడు, కనుబొమలు ముడిచాడు.

"ఎంతమంది ఉన్నారమ్మా లోపల?"

"పదకొండు మంది సార్. ఆ రోజు మాస్టారికి ఊపిరి అందించేటప్పుడు తలా కాస్త నాలో ఉండిపోయారు."

"ఒకాయన గొణుగుతున్నాడు."

"రోలరు తాత. పట్టించుకోకండి."

"ఇంకొకావిడ నన్ను తొందరగా తెమల్చమంటోంది."

"మా అత్త."

డాక్టరు ఇంకాసేపు విన్నాడు. "నీ దగ్గు కూడా ఉంది. వీళ్ళందరి కింద ఎక్కడో. పైకి రావడానికి వీళ్ళు చోటివ్వడం లేదు" అని కాగితం ముందుకి లాక్కున్నాడు. "ఏదీ, ఆఖరుసారి గట్టిగా పీల్చి వదులు."

మడతలక్క గట్టిగా పీల్చింది. వదలడానికి మాత్రం కాసేపు మనసొప్పలేదు. ఆ కాసేపట్లోనే డాక్టరు సంతకం పెట్టేశాడు.